పొలం గట్టు మీది 22 ఏళ్ళ టేకు గుమ్మాలకు పనికొస్తుందా? ఎలా కోయించాలి, ఎంత ఆరబెట్టాలి?

కొత్తిల్లు_సత్తుపల్లి

నమస్కారం అండీ. మా పొలం గట్టు మీద టేకు చెట్లు నాలుగున్నాయి, 22 ఏళ్ళవి. ఇంకా కొట్టలేదు. ఛాతీ ఎత్తులో బెరడుతో కలిపి చుట్టుకొలతలు 31, 34, 38, 41 అంగుళాలు. మొదటి పెద్ద కొమ్మ దాకా నాలుగూ 12 అడుగులకు తక్కువ లేవు. మూడు నిటారుగా ఉన్నాయి, 41 అంగుళాలది మాత్రం కాలువ వైపు కాస్త ఒరిగింది.

ఇల్లు బేస్‌మెంట్ దాకా వచ్చింది. వైశాఖంలో సింహద్వారం ఎత్తాలి, అంటే చేతిలో ఐదు నెలలు. సింహద్వారం 5×3 అంగుళాల కర్ర, కింద గడపతో సహా. లోపలి గుమ్మాలు ఆరు, 4×3, గడపలు లేకుండా.

ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. వడ్రంగి ఇందులో చేవ ఉండదు, అమ్మేసి బర్మా టేకు కొనుక్కోమంటాడు. మిల్లు వాళ్ళు కోయించి నెల ఆరబెడితే చాలంటున్నారు. మా బాబాయి అమావాస్య ముందు కొట్టి ఆర్నెల్లు చెరువులో వెయ్యమంటున్నాడు. తెలిసినవాళ్ళు లెక్కలతో సహా చెబితే మేలు.

---

చిత్రిక

వయసు విని తీసిపారెయ్యక్కర్లేదండీ. అలాగని మొత్తం గుమ్మాలన్నీ ఇందులోంచే వచ్చేస్తాయనుకోకండి. చూడాల్సినవి రెండే: చేవ, అంటే లోపలి ముదురు చెక్క, ఎంత ఉంది; దవ్వ, అంటే మాను నడిమధ్య మెత్తటి భాగం, ఎక్కడుంది.

చెట్టు లావయ్యేది బెరడుకీ చెక్కకీ మధ్య ఉండే పల్చటి పొర వల్ల. వానాకాలంలో టేకు బెరడు లాగితే వేలికి జిగటగా తగిలేది అక్కడే. దాని పేరు కాంబియం. అది లోపలి వైపు చెక్కను, బయటి వైపు బెరడును పుట్టిస్తుంది. పొడుగు పెరిగేది కొసల్లోనే. అందుకే నాలుగడుగుల ఎత్తున కొట్టిన మేకు ఇరవై ఏళ్ళ తర్వాతా నాలుగడుగుల దగ్గరే ఉంటుంది, కాకపోతే చెక్కలో పూడుకుపోతుంది. చిన్నప్పటి కొమ్మల మొదళ్ళు కూడా అంతే. పైకి నున్నగా కనిపించే మానులో దవ్వ చుట్టూ కన్నులు దాక్కుని ఉంటాయి. పచ్చిగా ఉండగా నరికిన కొమ్మ కన్ను చెక్కతో కలిసిపోతుంది. ఎండి చాలాకాలం మొండిగా నిలిచిన కొమ్మదైతే చుట్టూ నల్ల గీతతో విడిగా ఉండి, చిత్రిక పట్టేటప్పుడు ఊడొస్తుంది.

టేకు ఎండల్లో ఆకు రాల్చి తొలకరికి చిగురిస్తుంది. చిగురించే వేళ పుట్టిన చెక్కలో రంధ్రాలు పెద్దవి, తర్వాత పుట్టిన దాంట్లో చిన్నవి. మొదలు కోసి నున్నగా చెక్కి తడి గుడ్డతో తుడవండి, ఆ పెద్ద రంధ్రాల వరసలు వలయాలుగా కనిపిస్తాయి.

ఇక చేవ. వేళ్ళ నుంచి ఆకులకు నీళ్ళు పోయేది బయటి వలయాల గుండానే. అదే తెల్ల చెక్క. లోపలివి వయసు మీద పడ్డకొద్దీ మూసుకుపోయి, వాటిలో రంగు, నూనె లాంటి పదార్థాలు చేరి బంగారు గోధుమ రంగుకు తిరుగుతాయి. అదే చేవ. టేకుకు చెద తేలిగ్గా పట్టకపోవడానికి కారణం ఆ పదార్థాలే, వాటిలో ముఖ్యమైనది టెక్టోక్వినోన్. తెల్ల చెక్క బలంలో పెద్దగా తీసిపోదు. దాని లోపం వేరు: అందులో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. చెదకూ అడ్డుండదు.

అడవి చెట్టు పక్క చెట్లతో పోటీపడి సన్నటి తలతో పైకి పోతుంది. గట్టు మీది చెట్టుకు ఎండ నాలుగు వైపులా దొరుకుతుంది కాబట్టి గుబురుగా విస్తరిస్తుంది. అంత ఆకుకు నీళ్ళు మొయ్యాలంటే తెల్ల చెక్క కూడా వెడల్పుగానే ఉండాలి. కాబట్టి మీ చెట్లలో ఒక్కో వైపు అంగుళంన్నర తెల్ల ఉంటుందనుకునే లెక్క వేసుకోండి. తక్కువుంటే మీ అదృష్టం.

38 అంగుళాల చెట్టు చూద్దాం. 38ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత 12.1 అంగుళాలు. బెరడు రెండు వైపులా కలిపి 0.8, తెల్ల రెండు వైపులా కలిపి 3 తీసేస్తే చేవ 8.3 మిగులుతుంది. ఇదే లెక్కన 41 దాంట్లో 9.2, 34 దాంట్లో 7, 31 దాంట్లో 6 అంగుళాలు.

"తొందరగా పెరిగిన టేకు బోలు" అనే మాట పూర్తిగా నమ్మకండి. ఇలా రంధ్రాలు వరసకట్టే జాతుల్లో వలయం వెడల్పయినంత మాత్రాన చెక్క బలహీనపడదు. లేత చెట్టులో చేవ తక్కువుండటం, ఉన్న చేవలోనూ ఆ రక్షక పదార్థాలు ముదురు చెట్టులో ఉన్నంత చేరకపోవడం, అసలు తేడా అది. పైగా మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. అడితిలో "బర్మా" అని చూపించే దుంగ ఏ ఘనా నుంచో ఈక్వడార్ నుంచో వచ్చిన తోట టేకు కావచ్చు, దాని వయసూ మీ చెట్ల వయసూ ఒకటే కావచ్చు. కొనేముందు కోత ముఖం మీద తెల్ల ఎంతుందో చూసుకోండి, పేరు చూసి కాదు.

---

రంపపుపొట్టు

కొట్టే ముందు ఒక మాట. పట్టా పొలంలో చెట్టయినా వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, టేకును మిల్లుకు తరలించాలంటే అటవీశాఖ పర్మిట్ కావాలి. ట్రాక్టర్ ఎక్కించాక కాగితాల కోసం తిరగడం కంటే ముందే తెచ్చుకోండి.

కొలత సంగతి. మిల్లులో దుంగను కొలిచేది చుట్టుకొలతలో నాలుగో వంతు పద్ధతిలో. బెరడు తీసి, మధ్యలో చుట్టుకొలత అంగుళాల్లో తీసి, నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తారు. మధ్య చుట్టు 33 అంగుళాలు, పొడవు 12 అడుగులైతే 8.25 × 8.25 × 12 ÷ 144, అంటే 5.67 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణంలో ఇది 78.5 శాతమే. అమ్మేటప్పుడు ఆ తేడా గుర్తుండాలి. మీ నాలుగు చెట్లూ కలిపి ఈ లెక్కన 20 ఘనపుటడుగుల దాకా వస్తాయి. కోతలో దక్కేది సగం అనుకోండి, తెల్ల తీసేస్తే 7 లేదా 8. మీకు కావాల్సింది సింహద్వారానికి 2.4, లోపలి గుమ్మం ఒక్కోదానికి 1.5 చొప్పున ఆరింటికి 9, మొత్తం 11.4. కాబట్టి అన్నీ రావు.

12 అడుగుల మానును ఏడున్నర, నాలుగున్నర అడుగుల ముక్కలుగా కోయించండి. మొదటి దాంట్లోంచి నిలువు కమ్ములు (గుమ్మం చట్రానికి వాడే కర్రలు) రెండు, రెండోదాంట్లోంచి అడ్డ కమ్ములు. కమ్ములకు పనికొచ్చే చెట్టుకో గుమ్మం వస్తుంది.

ముఖ్యమైంది దవ్వ. దవ్వను మధ్యలో ఉంచి దుంగను నాలుగు వైపులా చెక్కేసి కమ్మి చేశారంటే అది పగిలి తీరుతుంది. చెక్క ఆరేటప్పుడు వలయం వెంబడి కుంచించుకునేది, దవ్వ నుంచి బెరడు వైపు కుంచించుకునే దానికి రెట్టింపు పైనే. టేకుకు పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా మొదటిది సుమారు 5.8 శాతం, రెండోది 2.5. చుట్టూ ఉన్న చెక్క బిగుసుకుంటోంది, లోపల ఉన్నది అంతగా తగ్గడం లేదు, ఎక్కడో ఓ చోట విచ్చుకోవాల్సిందే. దవ్వ మీదుగా అరంగుళం పలక తీసి అవతల పెట్టేయించండి. దానికి పైనొకటి, కిందొకటి కమ్మి కోయించండి. 38 అంగుళాల మానులో చేవ సగం అడ్డుకొలత 4.15. దవ్వ నుంచి పావంగుళం వదిలి 4¼×3¼ కోస్తే దూరపు మూల 4.1 దగ్గర పడుతుంది, అంటే చేవలోనే. 5¼×3¼ అయితే మూల 4.4 దగ్గరకు పోయి తెల్లలో పడుతుంది. 34 దాంట్లో 4×2½ తృప్తి పడండి. 31 దాన్ని కమ్ములకు ఆశించకండి, అంగుళంపావు పలకలు తీసి తలుపు రెక్కలకు ఉంచుకోండి.

ఒరిగిన చెట్టుతో జాగ్రత్త. ఒరిగిన మాను తనను తాను పైకి లాక్కోవడానికి వాలుకు ఎదురు వైపు, అంటే పైవైపున, బిగువు చెక్క పెంచుకుంటుంది. కోస్తే పీచు లేస్తుంది, ఆరితే పొడవులో కూడా కుంచించుకుంటుంది. మామూలు చెక్క పొడవులో 0.1 లేదా 0.2 శాతం మించి తగ్గదు. ఒక పక్క ఎక్కువ తగ్గి ఇంకో పక్క తగ్గకపోతే ఏడడుగుల కమ్మి విల్లులా వంగుతుంది. మొదలు కొట్టగానే చూడండి: దవ్వ నడిమధ్య కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటే ఆ మానును నిలువు కమ్ములకు వాడొద్దు. పొట్టి ముక్కలకు వాడుకోండి.

---

గట్టుచెట్టు

అమావాస్య, పౌర్ణమి పట్టింపు వల్ల పుచ్చు ఆగిన దాఖలా నాకైతే కనబడదు. తిథి కంటే కొట్టిన మర్నాడే నీడకు చేర్చడం ముఖ్యం. చలికాలంలో కొట్టమనడంలో మాత్రం అర్థముంది. వడగాడ్పులకు దొరక్కుండా మెల్లగా ఆరడం మొదలవుతుంది, పురుగు ఉధృతి కూడా తక్కువ.

చెరువులో వెయ్యడం పిచ్చి పని కాదు. నీళ్ళలో తెల్ల చెక్కలోని పిండి పదార్థం కొంత కరిగి, కొంత కుళ్ళి పోతుంది కాబట్టి పుచ్చు పురుగుకు తిండి తగ్గుతుంది. నీళ్ళలో ఉన్నంతకాలం పగుళ్ళూ రావు. అయితే చెదకు అది మందు కాదు, చేవకు ఒరిగేదీ లేదు. తీశాక ఆరబెట్టడం మళ్ళీ మొదటి నుంచే. ఐదు నెలల గడువున్న మీకు అది కుదిరే పని కాదు.

---

రంపపుపొట్టు

ఆరబెట్టడం గురించి రాయడం మరిచాను, మిల్లు వాళ్ళు చెప్పిన నెల రోజుల మాట అసలు పట్టించుకోకండి.

పచ్చి చెక్కలో నీరు రెండు చోట్ల ఉంటుంది: గొట్టాల్లాంటి కణాల బోలులో, ఆ కణాల గోడల్లో. ముందు బోలులోది పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుందే గాని కొలత మారదు. తేమ 28, 30 శాతం దగ్గరికి వచ్చాక గోడల్లోది పోవడం మొదలై అక్కడి నుంచి కుంచించుకుంటుంది. నెల తర్వాత "బాగా తేలికైంది, ఆరిపోయింది" అనిపించేది ఇందుకే. అసలు కుంచించుకోవడం అప్పటికి మొదలే కాలేదు.

మందం రెట్టింపైతే ఆరే కాలం రెట్టింపు కాదు, దాదాపు మూడు రెట్లు. అంగుళం పలక మన వాతావరణంలో నీడన రెండు మూడు నెలలకు దారికొస్తే, మూడంగుళాల కమ్మికి ఏడాది ఇచ్చుకోవాలి. గుమ్మం బిగించేనాటికి 12 నుంచి 14 శాతం ఉండాలి. దగ్గర్లో వేడిగదిలో ఆరబెట్టే మిల్లుంటే సరే.

పేర్చడం ఇలా. కోసిన రోజే రెండు చివరలకూ పాత ఎనామిల్ రంగో తారు రంగో రెండు పూతలు వెయ్యండి. చివరల గుండా నీరు పక్కల కంటే పది రెట్లకు పైగా వేగంగా పోతుంది, చివరల పగుళ్ళు వచ్చేది దానివల్లే. నేల నుంచి అడుగున్నర ఎత్తున దిమ్మెలు, పైన కమ్ముల వరస, వరసకూ వరసకూ మధ్య అంగుళం మందం పొడి పట్టీలు, రెండేసి అడుగులకు ఒకటి. పట్టీలన్నీ కింది నుంచి పై దాకా ఒకే నిలువు గీతలో ఉండాలి. తప్పితే పట్టీ లేనిచోట కర్ర కుంగి ఆ వంకరతోనే ఆరిపోతుంది. పచ్చి పట్టీలు పెడితే అవి తగిలిన చోట మచ్చ పడుతుంది. పైన రేకులు, వాటి మీద రాళ్ళ బరువు. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. టార్పాలిన్ నాలుగు పక్కలా దించి కట్టారంటే బూజే.

ఆరిందో లేదో తెలియాలంటే కమ్మి చివర నుంచి అడుగు వదిలేసి, ఆ లోపల అంగుళం మందం బిళ్ళ ఒకటి కోయండి. వెంటనే తూచండి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గని దాకా పెట్టి మళ్ళీ తూచండి. ముందు 640 గ్రాములు, తర్వాత 500 అనుకుంటే పోయిన నీరు 140. దాన్ని ఎండిన బరువుతో భాగించాలి, తడి బరువుతో కాదు. 28 శాతం. అంటే ఆ కర్ర ఇంకా కుంచించుకోవడం మొదలుపెట్టే దశలోనే ఉందన్నమాట.

---

కొత్తిల్లు_సత్తుపల్లి

చాలా విషయాలు తెలిశాయండీ. అయితే వైశాఖానికి సింహద్వారం మా చెట్టుతో కుదరదన్నమాట. కనీసం గడపైనా మన చెట్టుది పడాలని అమ్మ పట్టుబడుతోంది. పచ్చి గడప పెడితే ఏమవుతుంది? ఇంకోటి, పాత ఇంటివి తాటి దూలాలు నాలుగు గట్టిగా ఉన్నాయి. వెనక వరండాకు పొడవునా సగానికి కోయించి వాడుకుందామనుకుంటున్నాం. వాటిలో కూడా దవ్వ తీసేసి మధ్య చేవ వాడాలా?

---

తాటిదూలం

తాటికి లెక్క పూర్తిగా తిరగబడుతుందండీ. టేకు చేవ లోపలుంటే తాటి చేవ బయటుంటుంది. తాటిచెట్టులో కాంబియం లేదు, వలయాలూ ఉండవు. మొదట్లో ఎంత లావు తేలిందో దాదాపు అంతే లావుతో పైకి పోతుంది. వయసుతో జరిగేదల్లా బయటి వైపున్న నల్లటి నారలు గట్టిపడటం. కోత ముఖం చూస్తే అంచున నల్ల చుక్కలు దట్టంగా, మధ్యకొచ్చేసరికి పల్చబడి మెత్తటి పీచు కనిపిస్తుంది. పాతకాలం వాళ్ళు తాటిమానును చీల్చి మధ్యది తొలిచి పారేసి అంచు చెక్కతో వాసాలు చేసింది అందుకే. మానులో కిందిభాగం ముదురు, పైకి పోయేకొద్దీ లేత.

కాబట్టి నల్ల అంచును ముట్టుకోకండి. చదును చెయ్యాల్సొస్తే మెత్తటి వైపు చెక్కండి. పరిచేటప్పుడు నల్ల అంచు కిందికి ఉండేలా పెట్టండి, బరువు పడ్డప్పుడు లాగుడు పడేది ఆ ముఖం మీదే. మేకు నేరుగా కొడితే నార వెంట చీలుతుంది, ముందు బెజ్జం వేసుకోవాలి. గోడలో దిగే చివరలు చూసుకోండి. చెద ఉండేది అక్కడే. ఉలితో పొడిస్తే దిగబడే చోటు దాకా కోసేయండి. దూలాన్ని సగానికి కోస్తే బలం సగమవుతుందనుకోకండి. ఎత్తు సగమైతే బలం నాలుగో వంతుకు పడుతుంది. కొయ్యకుండానే వాడితే మేలు.

---

చిత్రిక

గడప సంగతి. అది సాధ్యమేనండీ. కమ్మి పచ్చిదైతే వంగుతుందనీ రెక్క పట్టదనీ భయం. గడప పొట్టి ముక్క, నేలకు అంటుకుని ఉండేది, రెక్క దాని మీద వేలాడదు. ఒరిగిన 41 అంగుళాల చెట్టు ఉంది కదా, దాని నాలుగున్నర అడుగుల ముక్క ఇందుకు సరిపోతుంది. వాలు వైపు సగంలోంచి, దవ్వ తగలకుండా, నాలుగు మూలలా చేవే ఉండేలా 5¼×3¼ కోయించండి. గడపకు తడీ చెదా రెండూ తగులుతాయి కాబట్టి తెల్ల ఒక్క గీత కూడా ఉండకూడదు.

ఇప్పుడే కోస్తే వైశాఖానికి 25 శాతం దగ్గరికి రావచ్చు. అక్కడి నుంచి 13కు దిగేసరికి 12 శాతం తేమ పోతుంది. టేకు వలయం వెంబడి ఒక్కో శాతానికి 0.2 శాతం తగ్గుతుంది కాబట్టి మొత్తం 2.4 శాతం. మూడంగుళాల ఎత్తులో 2 మిల్లీమీటర్లు, ఐదంగుళాల వెడల్పులో 3. పొడవు మారదు. నిలువు కమ్ములు మాత్రం ఎండినవి కొనండి. గడపతో అతుకు దగ్గర జిగురు పెట్టకుండా చెక్క చీలలతో బిగించమనండి. ఏడాది తర్వాత వదులైతే చీల మార్చుకుంటే సరిపోతుంది. గడప కింద సిమెంటు నేరుగా తగలకుండా తారు పూత వెయ్యండి. పసుపు పూసే పైభాగానికి వార్నిష్ ఇప్పుడే వెయ్యొద్దు, లోపలి నీరు పోవడానికి దారి ఉండాలి.

మిగతా గుమ్మాలకు గోడలో ఖాళీ వదిలి కట్టించండి. కమ్మి మందం పైన ఒక్కో వైపు అరంగుళం ఎక్కువ. ఏడాది తర్వాత కమ్ములు ఆరాక పక్కకు మూడేసి ఇనుప పట్టీలతో బిగించుకోవచ్చు. గోడకు తగిలే ముఖానికి ముందే ప్రైమర్ వెయ్యాలి, బిగించాక అక్కడికి బ్రష్ పోదు.

ఎక్కడైనా మూలన తెల్ల తప్పకపోతే దాన్ని గోడ వైపు తిప్పండి. కోసిన వెంటనే, పచ్చిగా ఉండగానే, 10 లీటర్ల వేడినీళ్ళలో 450 గ్రాముల బోరాక్స్, 300 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి బాగా తడిసేలా పట్టించి, పాలిథిన్ చుట్టి మూడు వారాలు నీడలో ఉంచండి. లోపలి తేమే మందును లోపలికి లాక్కుంటుంది. ఎండిన కర్రకు పూస్తే పైపైనే ఉండిపోతుంది. ఇది లోపలి గుమ్మాలకే. వాన తగిలే చోట మందు కడుక్కుపోతుంది.

31 అంగుళాల చెట్టు పలకలతో రెక్కలు చేయించేటప్పుడు పలకలన్నీ ఒకదానికొకటి అతికించి ఒకే బల్లలా చెయ్యనివ్వకండి. 42 అంగుళాల రెక్క అలా చేస్తే వానాకాలానికీ ఎండాకాలానికీ తేమ 6 శాతం మారినప్పుడు వెడల్పు అరంగుళం మారుతుంది. ఆషాఢంలో తలుపు పట్టేసేది ఇలాంటి తలుపులకే. చట్రం కట్టి ప్యానెళ్ళు దించితే కదిలేది రెండు పక్కల నిలువు పట్టీల వెడల్పు మేరకే, నాలుగున్నర అంగుళాలవి రెండైతే మొత్తం 3 మిల్లీమీటర్ల లోపు. 15 అంగుళాల ప్యానెల్ దాదాపు 5 మిల్లీమీటర్లు కదులుతుంది, అందుకని గాడిలో ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచి, జిగురు, మేకు ఏదీ పెట్టకుండా వదులుగా దించమనండి. పాలిష్ ప్యానెల్ బిగించకముందే వేయిస్తే, తర్వాత కుంచించుకున్నప్పుడు అంచున పాలిష్ పడని లేత గీత బయటపడదు.